దయచేయండి

విరూపాక్షానికి మొదటి వాక్యం దొరకడం లేదు.

పున్నమినాడు ఆశ్రమంలో మాట్లాడే పని తాత ఈసారి అతనికి అప్పగించాడు. విషయం దేవుడి దయ. ఐదేళ్లుగా అతను ఎదురుచూస్తున్న అవకాశం అది. మూడు భాషల పుస్తకాలు చదివినవాడు. సభల్లో నిప్పులు కురిసే మాటలు వినివచ్చి కంఠతా పట్టినవాడు. ఈ ప్రసంగం పండితే ఇక ప్రతి పున్నమికీ ఆ పీట అతనిదేనని అందరూ అనుకుంటున్నారు.

నోటుపుస్తకం సగం నిండింది. కరుణ బలహీనత కాదు, తిరుగుబాటు అని రాసుకున్నాడు. కన్నీరు తుడవని చెయ్యి దండం పెట్టి ఏం లాభం అని రాసుకున్నాడు. అన్నీ చప్పట్లు పడే మాటలే. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలియలేదు.

మద్దిలేటి తాత వసారాలో కూర్చుని ఈతాకు చాప అల్లుతున్నాడు. నాపరాళ్లు కప్పిన మూడు గదులు, ముందు ఒక వసారా, చుట్టూ నడుమెత్తు రాతిగోడ. ఆశ్రమమంటే అంతే. తాతను చూస్తే గురువని ఎవరూ అనుకోరు, చాపలమ్మే ముసలాయన అనుకుంటారు.

"తాతా, దేవుడి దయ అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్పండి."

తాత తల ఎత్తలేదు. "ఒక్క మాటలోనే ఉంటాదిలే. పున్నమికి ఇంకా మూడు రోజులుంది కదా, వాకిట్లో నిలబడు. వచ్చేవాళ్లను రమ్మను. పొయ్యేవాళ్లను సాగనంపు."

"నేనా? వాకిట్లోనా?"

"ఇంకెవరున్నారు నాయనా? మిగతావాళ్లకు చదువు రాదు గదా."

విరూపాక్షానికి తల కొట్టేసినట్టయింది. అయినా నిలబడ్డాడు. నిలబడ్డాక ఆ పనినీ దర్జాగానే చేశాడు. వచ్చినవాళ్లకు చేతులు జోడించి "దయచేయండి" అనేవాడు. భోజనాలయ్యాక కబుర్లు చెప్పుకుంటూ కదలనివాళ్ల దగ్గరికి వెళ్లి, అవే చేతులు జోడించి "ఇక దయచేయండి" అనేవాడు. మాట ఒకటే. రమ్మంటున్నాడో పొమ్మంటున్నాడో గొంతును బట్టి ఎవరికి వాళ్లు తెలుసుకునేవారు.

మొదటిరోజే ఒక ముసలామె వచ్చి గోడ బయట నిలబడింది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది. ఎండ నడినెత్తికి వచ్చినా లోపలికి రాదు, పోదు.

"ఏం కావాలి?" అన్నాడు విరూపాక్షం.

"తాతను ఒక మాట అడగాల సామీ."

"ఏ ఊరు?"

"నల్లవాగుపల్లె."

అతనిదీ ఆ పక్క ఊరే. ముఖం పరకాయించి చూశాడు. "ఓబులయ్యగారింట్లో అంట్లు తోమే సుంకమ్మవా? బీరప్ప మీద సాక్ష్యం చెప్పిన సుంకమ్మవేనా?"

ఆమె తల వాలిపోయింది. "ఔ సామీ. ఆ సుంకినే."

ఆ సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఓబులయ్య ఇంట్లో వెండి కడియం పోయింది. గొర్రెలు కాసే బీరప్ప తీస్తుంటే కళ్లారా చూశానని సుంకమ్మ పదిమందిలో చెప్పింది. బీరప్పను దూలానికి కట్టేసి కొట్టారు. కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది. ఊరు వదిలి ఆరు మైళ్ల అవతల ఒక కొట్టంలో బతుకుతున్నాడు. ఆ కడియం తీసింది ఓబులయ్య కొడుకేనని పోయినేడు బయటపడింది. ఓబులయ్యను ఎవరూ ఏమీ అనలేదు. ఊరంతా సుంకమ్మ మొహాన ఉమ్మేసింది.

"తాతనేం అడుగుతావు?"

"నా అట్లాదాని మీద గూడా దేవునికి దయ ఉంటాదా అని."

విరూపాక్షం నోటుపుస్తకంలో సరిగ్గా దానికి జవాబు ఉంది. రెండు పేజీలు రాశాడు. కానీ బీరప్ప వేలాడే చెయ్యి అతనికి కళ్ల ముందు కదిలింది. "అది అడగడానికి మొహం ఉండాలి" అన్నాడు.

ఆమె లోపలికి రాలేదు. పోనూ లేదు. రెండోరోజూ వచ్చి అక్కడే నిలబడింది. మూడోరోజూ వచ్చింది.

మూడోరోజు మధ్యాహ్నం వసారాలో జనం బంతిలో కూర్చున్నారు. వడ్డించేవాళ్లు ఇద్దరు గుమ్మంలో నిలబడి, "ఏం విరూపాక్షం, నీ చుట్టమా గోడ దగ్గర?" అని నవ్వారు. అతనికి ఒళ్లు మండింది. అరవడం చదువుకున్నవాడి పని కాదు. ఆమె ముందుకు వెళ్లి, నడుం వంచి, చేతులు జోడించాడు.

"అమ్మగారూ! మూడు రోజులుగా మా గోడను పావనం చేశారు. ఇక దయచేయండి."

గుమ్మంలో వాళ్లు పగలబడి నవ్వారు.

సుంకమ్మ తల ఎత్తి అతని ముఖంలోకి చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వంగి చెప్పులు విడిచింది. అతని పక్కనుంచి నడిచి లోపలికి వచ్చేసింది.

నవ్వులు ఆగిపోయాయి. విరూపాక్షం చెయ్యెత్తాడు, ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక దించుకున్నాడు. ముసలామెను రెక్క పట్టుకుని లాగలేడు. అది కాదు నా అర్థం అని అంతమందిలో అనలేడు.

ఆమె నేరుగా తాత ముందుకు వెళ్లి నిలబడింది. "ఆ సామి నన్ను దయచేయండి అన్యాడు తాతా."

వసారా ఎంత పెద్దదని? గోడ దగ్గర అన్న మాట, అన్న తీరు, ఆ వెనక నవ్వులు అన్నీ తాతకు వినపడ్డాయి. తాత అల్లుతున్న చాప పక్కన పెట్టి లేచాడు.

"విరూపాక్షం పిలిచినాడా? అయితే కాళ్లకు నీళ్లు నేనియ్యాల."

చెంబు తెచ్చి ఆమె పగిలిన పాదాల మీద తనే నీళ్లు పోశాడు. సగం అల్లిన చాప బంతి చివర పరిచాడు. ఆమె ఏదో అడగబోతే, "ముందు తిను తల్లీ, మూడు దినాలు నిలబడినావు" అన్నాడు.

ఆమె తిన్నది. తిన్నాక ఎవరూ అడక్కుండానే ఆ పదిమందిలో నిలబడి చెప్పింది. "బీరప్ప ఏమీ తియ్యలేదు. నేను చూళ్లేదు. చూసినానని చెప్పకపోతే నన్ను కట్టేస్తారని భయపడితి." విరూపాక్షం వైపు తిరిగి దండం పెట్టింది. "ఇదంతా ఆ సామికి తెలుసు. తెలిసీ దయచేయండి అన్యాడు."

అందరూ అతని వైపు చూశారు. పక్కనున్న పెద్దాయన అతని భుజం తట్టి, "చదువంటే అదీ నాయనా!" అన్నాడు. ఆ చెయ్యి పడినచోట విరూపాక్షానికి వాత పెట్టినట్టయింది. తిడితే భరించేవాడు. తిట్టినవాళ్లకు ఏం చెప్పాలో అతనికి తెలుసు.

జనం వెళ్లిపోయాక తాత దగ్గరికి వెళ్లాడు.

"తాతా, నేనామెను పిలవలేదు."

"తెలుసు. వింటి గదా."

"మరి అంతమందిలో నేను పిలిచానని ఎందుకన్నారు?"

"నీ నోట్లోంచి ఒక మంచిమాట జారి వాకిట్లో పడింది. ఎవరూ తొక్కకముందే తీసి లోపల పెట్టినా."

విరూపాక్షం తల వంచాడు. కానీ లోపల కోపం ఇంకా ఆరలేదు. "బీరప్ప సంగతేమిటి తాతా? వాడి చెయ్యి పడిపోయింది. చేసినామెకు కాళ్లు కడిగి అన్నం పెట్టాం. న్యాయం లేని దయ దోషికిచ్చే లంచం!"

"బాగుంది. ఎవరన్నారు?"

"...ఒక పుస్తకంలో చదివాను."

"ఊఁ. కట్టేసి కొట్టించిన ఓబులయ్య పోయిన పున్నమికి వచ్చినాడే. ఆయన్నేమన్నావు?"

ఆ రోజు ఓబులయ్య బండి దిగగానే విరూపాక్షమే ఎదురువెళ్లాడు. తనే కొత్త చాప పరిచాడు. దయచేయండి అన్నాడు. ఆ రోజు గొంతులో ఏ వంకరా లేదు.

తాత మళ్లీ చాప అందుకున్నాడు. "బీరప్ప ముందుకుపోయి నిజం చెప్పాలంటాంది ఆమె. ఒక్కతే పోలేదు. మూడు దినాలకు గానీ ఈ గడపే దాటలేకపోయె. నువ్వు న్యాయం గావాలంటివి. పిలిచినవాడివీ నువ్వే. రేపు పొద్దున్నే తోడు పో."

"రేపు పున్నమి తాతా. నా ప్రసంగం."

"ఔ" అన్నాడు తాత. "రేపే."

తెల్లవారి బయల్దేరారు. బండి కూడా పోని దారి. రెండు పక్కలా నల్లరేగడి, పీకేసిన పత్తికట్టెల గుట్టలు. విరూపాక్షం ముందు నడిచాడు. వెనక ఆమె చెప్పుల చప్పుడు వినపడినప్పుడల్లా అడుగు పెద్దది చేశాడు. ఈపాటికి ఆశ్రమంలో జనం చేరి ఉంటారు. తను లేనందుకు కారణం అడిగితే ఎవరో ఒకరు చెబుతారు. చెప్పి, ఎంత దయగలవాడో అంటారు. అదే అతనికి ముల్లులా గుచ్చుకుంటోంది.

నాలుగు మైళ్లు నడిచాక ఇక ఓర్చుకోలేకపోయాడు. ఆగి వెనక్కి తిరిగాడు.

"అమ్మా, నీకొక మాట చెప్పాలి. నిన్న నేను నిన్ను లోపలికి రమ్మనలేదు. పొమ్మన్నాను. ఎగతాళి చేశాను."

సుంకమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎరుకే నాయనా."

"ఏమిటీ?"

"అరవై ఏండ్ల నుంచి పొమ్మనే గొంతులే వింటి. నాకా గొంతు తెలీదా?"

"మరి తెలిసీ లోపలికి ఎట్లా వచ్చావు?"

"గొంతు నీది. మాట నువ్వు పుట్టించినది కాదు గదా నాయనా. మాట మంచిది. దాన్ని పట్టుకొని వచ్చినా."

మళ్లీ నడక సాగించాక దూరంగా ఒక కొట్టం కనిపించింది. గొర్రెల మంద, మంద పక్కన ఎడమచేత్తో కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి. అంత దూరం నుంచి కూడా వేలాడుతున్న కుడిచెయ్యి తెలుస్తోంది. కుక్క మొరగడం మొదలుపెట్టింది. ఆ మనిషి కర్ర చంకన ఇరికించి, ఆ ఎడమచెయ్యే కంటికి అడ్డం పెట్టుకుని ఇటు చూశాడు.

సుంకమ్మ ఆగి, కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"బీరప్ప పొమ్మంటే మాత్రం పోతా నాయనా" అంది ఆమె. "ఆయప్పకు చెల్లుతాది."

ధైర్యం చెప్పే మాట ఒక్కటైనా అనాలని అతను వెతుక్కున్నాడు. చదివినవన్నీ వెతికాడు. ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

దారి పక్కకు జరిగి నిలబడ్డాడు. ఆమె ముందుకు వెళ్లాక, ఆమె వెనక నడిచాడు.