గీత పడని బొంగరం

పూర్వం గవరయ్య అనేవాడు చెక్క బొంగరాలు చేసి బతికేవాడు. రాజుగారికి దంతపు వీణలు చేసే మార్తాండాచారి కన్ను ఆటసామాన్ల మీద పడింది. నిగనిగలాడే దంతపు బొంగరమొకటి తెచ్చి, "ప్రభూ! ఆ మోటు చెక్కలు మాన్పించండి. ఇకనుంచి బొంగరాలన్నీ నేనే చేస్తాను," అన్నాడు.

రాజు గవరయ్యను పిలిపించి సంగతి చెప్పాడు. గవరయ్య తొణకలేదు. "ముందు ఒక్క ఆట ఆడదాం ఆచారిగారూ," అంటూ నేలమీద గిరి గీశాడు. గిరిలో పెట్టిన బొంగరాన్ని ఎదుటివాడు తన బొంగరం ములికితో పొడవాలి. అదే కదా ఆట!

"తమరిది పెట్టండి."

ఆచారి బొంగరాన్ని ఉత్తరీయంలో దాచేశాడు. "అమ్మో, గీత పడుతుందయ్యా!"

"పడకపోతే ఆడినట్టెలా అవుతుంది బాబూ?"

రాజు పకపకా నవ్వాడు. ఆనాటినుంచి దంతపు బొంగరం పట్టుగుడ్డలో పడుకుంది. గవరయ్య బొంగరాలు ఒంటినిండా గాట్లతో వీధులన్నీ తిరిగాయి.