కోనమ్మ కారుకు పచ్చచీటీ

అనగనగా, గుర్రబ్బండ్ల కాలం వెళ్లిపోయి మోటారుబండ్ల కాలం వచ్చినా, రాజులు మాత్రం ఇంకా సింహాసనాలు దిగని రోజుల్లో, తేనెకొండ అనే రాజ్యం ఉండేది.

చుట్టూ కొండలు, నడుమ పట్నం. గిన్నె అడుగున పాయసం ఉన్నట్టు ఆ కొండల అడుగున పట్నం ఉండేది. అక్కడ లేచిన పొగ ఎటూ పోలేక అక్కడక్కడే తిరిగేది. ఒక చలికాలం ఆ పొగ ఎంత దట్టమైందంటే, మేడ మీద నిలబడిన విజయకేతు మహారాజుకు ఎదురుగా ఉన్న కొండే కనిపించలేదు. వీధుల్లోంచి పిల్లల దగ్గు మాత్రం వినిపించింది.

రాజు ఆ రోజంతా అన్నం ముట్టలేదు. మరునాడు దండోరా వేయించాడు.

"వినండహో. రాజ్యంలోని ప్రతి మోటారుబండికీ పొగ పరీక్ష. నెగ్గిన బండికి పచ్చచీటీ. ఒక్కో బండికి మూడే అవకాశాలు. అమావాస్య నాడు పొద్దుగుంకే వేళకు పచ్చచీటీ లేని బండి కొలిమిలో కరిగిపోతుంది."

ఆ దండోరా విని అందరికన్నా ఎక్కువ కంగారుపడింది కోనమ్మ.

కోనమ్మ కొండ మీది ఏడు పల్లెలకూ ఒక్కతే మంత్రసాని. వయసు అరవై దాటింది. కాన్పు కష్టమైతే ఆ తల్లిని తన కారులో పడుకోబెట్టుకుని, ఏడు మలుపులు దిగి, పట్నంలోని ధర్మాసుపత్రికి చేర్చేది. ఆ కారు వయసు ముప్పై ఏళ్లు. ఎడమ తలుపు తాడుతో కట్టి ఉండేది. హారన్ కొడితే మేక అరిచినట్టుండేది. వెనక నుంచి నల్లటి పొగ వచ్చేది. అయితేనేం, ఏడు పల్లెలకూ ఉన్న కారు అదొక్కటే. దారి మధ్యలో ఆ కారులోనే పుట్టినవాళ్లు పదకొండుమంది.

అమావాస్య ఇంకా రెండు రోజులుందనగా కోనమ్మ కారు దించుకుని పరీక్షశాలకు వచ్చింది.

పరీక్షాధికారి పేరు నరహరి. మాట తక్కువ మనిషి. ఆయన కారు పొగగొట్టంలో సన్నటి గొట్టం ఒకటి దూర్చాడు. దాని రెండో కొస ఒక యంత్రానికి తగిలించి ఉంది. యంత్రం మీద ఒక ముల్లు, దాని కింద పచ్చగీత, ఎర్రగీత. కోనమ్మ ఇంజను తిప్పింది. ముల్లు పచ్చగీతను చూడనైనా చూడలేదు. ఎర్రగీత దాటి, అవతలి అంచుకు తగిలి ఆగింది.

"తప్పిందమ్మా. ఇంకా రెండు అవకాశాలున్నాయి" అన్నాడు నరహరి.

కోనమ్మ దిగాలుగా బయటికొచ్చింది. గోడ పక్కన ఒక దళారి నిలబడి ఉన్నాడు. సిల్కు లాల్చీ, చేతిలో సంచి. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అవ్వా, ఆ ముసలి బండి ఈ జన్మలో నెగ్గదు. నా దగ్గర పచ్చచీటీలున్నాయి. అచ్చం రాజముద్రే. ఒకటి అతికించుకుని హాయిగా వెళ్లిపో. ఇప్పుడే రత్నాకరం సాహుకారు కూడా తీసుకుపోయాడు, చూడు."

నిజమే. పట్నంలో పెద్ద వర్తకుడైన రత్నాకరం మెరిసే పొడవాటి కారులో అటే వెళ్తున్నాడు. అద్దం మీద కొత్త పచ్చచీటీ, వెనక మాత్రం తాటిచెట్టంత పొగ.

కోనమ్మ సంచి వైపు చూసింది. ఒక్క చీటీతో తన బాధ తీరిపోతుంది. ఒక్క క్షణం చెయ్యి ముందుకు కదిలింది కూడా. అంతలో ఆ చేతిని తనే వెనక్కి లాక్కుంది.

"నాయనా, పుట్టిన బిడ్డ మొదటి ఊపిరి ఈ చేతుల్లోనే తీసుకుంటుంది. ఆ ఊపిరిలో నేనే పొగ పొయ్యనా? నీ చీటీ అద్దానికి అంటుకుంటుంది గానీ, పొగను ఆపదు కదా" అంది.

అక్కడి నుంచి నేరుగా దస్తగిరి దగ్గరికి వెళ్లింది. దస్తగిరి పట్నంలో పాత మెకానిక్కు. ఏ ఇంజను చప్పుడు విన్నా దాని జబ్బేమిటో చెప్పగలడు.

అతను బానెట్ ఎత్తి చూసి తల పంకించాడు.

"అక్కా, నీ బండికి ముక్కు మూసుకుపోయింది. ఈ ఎయిర్ ఫిల్టరు చూడు, కొండ మీది దుమ్మంతా ఇందులోనే ఉంది. గాలి చాలక పెట్రోలు సగం కాలి సగం కాలక పొగై వస్తోంది. ప్లగ్గులు మసి పట్టాయి. ఆయిలు తారులా ఉంది. ఇది ముసలితనం కాదు. ఎవరూ పట్టించుకోకపోవడం."

"అయితే బతుకుతుందా, తమ్ముడూ?"

"కూర్చుని చూస్తే బతకదు. చెయ్యి కలుపు."

ఇక ఇద్దరూ పనికి దిగారు. దస్తగిరి కొత్త ఫిల్టరు బిగించాడు. పాత ఆయిలు వంచి కొత్తది పోశాడు. కోనమ్మ కొంగు నడుముకు దోపి, తీగల బ్రష్షుతో ప్లగ్గులు ఒక్కొక్కటీ తోమింది. పసిబిడ్డకు తొలి స్నానం చేయించినంత ఓపిగ్గా తోమింది. పొద్దువాలేలోగా దస్తగిరి కార్బురేటర్ కూడా సరిచేసి, "ఇప్పుడు తిప్పు" అన్నాడు.

ఇంజను దగ్గలేదు, తుమ్మలేదు. తేనెటీగ పాడినట్టు పాడింది. కోనమ్మకు నవ్వాగలేదు.

మరునాడు తెల్లవారీ వారకముందే ఆమె పరీక్షశాల ముందుంది. కానీ అప్పటికే వరస రాజవీధి చివరిదాకా సాగింది. వరస చీమలా కదులుతోంది. పెట్రోలు ఎందుకు దండగని కోనమ్మ ఇంజను ఆపేసింది. ముందు బండి నాలుగడుగులు కదిలినప్పుడల్లా దిగి, తన కారును తోసుకుంటూ వెళ్లింది. అలా తోసీ తోసీ మధ్యాహ్నానికి యంత్రం ముందుకు చేరింది.

నరహరి గొట్టం దూర్చాడు. ముల్లు లేచింది. ఎర్రగీత దగ్గరికొచ్చి వణికింది. దాటాలా వద్దా అన్నట్టు ఊగింది. చివరికి వెంట్రుకవాసి దాటి నిలిచింది.

"దగ్గరికొచ్చింది. కానీ తప్పింది" అన్నాడు నరహరి. "ఇక ఒక్కటే అవకాశం. రేపే అమావాస్య."

కోనమ్మ దస్తగిరి దగ్గరికి తిరిగొచ్చి ఆ మాట చెప్పింది. అతను మళ్లీ బానెట్ ఎత్తాడు, ప్రతి మర తిప్పి చూశాడు. ఎక్కడా తప్పు లేదు.

"నేను చేయవలసిందంతా చేశానక్కా. రేపు నీతో నేనూ వస్తాను. అది ఎందుకు మొరాయిస్తోందో అక్కడే చూస్తాను."

అమావాస్య నాడు వరస ఇంకా పెద్దదైంది. పొద్దు నడినెత్తికెక్కి, పడమటికి వాలింది. కోనమ్మ ముందు ఇక తొమ్మిది బండ్లే ఉన్నాయి. ఎనిమిదయ్యాయి. ఏడయ్యాయి.

అప్పుడే వెనక నుంచి కేక వినిపించింది. ఎర్రగుట్ట పల్లె సోములు సైకిల్ మీద వస్తున్నాడు. ఒంటినిండా చెమట.

"అత్తా, మా గంగకు పొద్దుటి నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారు. నువ్వు రావాలి."

కోనమ్మ ముందున్న ఏడు బండ్లను చూసింది. వెనకనున్న బారెడు వరసను చూసింది. ఒకసారి బయటికి వెళ్తే మళ్లీ అందరికన్నా వెనకే. పొద్దుగుంకితే కారు కొలిమికి పోతుంది. వెనక బండివాడు తల బయటపెట్టి, "ఒక్క గంట ఓర్చుకో అవ్వా, నీ పరీక్ష అయిపోతుంది కదా" అన్నాడు.

"నేను ఓర్చుకుంటాను నాయనా. అడ్డం తిరిగిన బిడ్డ ఓర్చుకోదు" అంది కోనమ్మ.

అప్పటికే స్టీరింగు తిప్పేసింది. దస్తగిరి ఎగిరి పక్క సీట్లో కూర్చున్నాడు. సోములు సైకిల్ అక్కడే పడేసి వెనక ఎక్కాడు.

ఇక చూడాలి ఆ కారు పరుగు. ఒకటో మలుపు, రెండో మలుపు, మూడో మలుపు. కొండ నిట్టనిలువుగా ఉంది. కోనమ్మ రెండో గేరు వదల్లేదు. ఇంజను గర్జించింది. మొదట వెనక నుంచి బొగ్గు రంగు పొగ గుప్పున వచ్చింది. అయిదో మలుపు దగ్గర బూడిద రంగుకు తిరిగింది. ఏడో మలుపు ఎక్కేసరికి వెనక ఎర్రమట్టి దుమ్ము తప్ప ఇంకేమీ లేదు. దస్తగిరి తల బయటపెట్టి అది చూశాడు. చూసి, ఏదో అర్థమైనట్టు తొడ చరుచుకున్నాడు. కానీ అప్పుడు మాటలకు వేళ లేదు.

గంగను మంచంతో సహా మోసుకొచ్చి, వెనక సీట్లోకి మార్చారు. కోనమ్మ ఆమె కడుపు మీద చెయ్యి వేసి చూసి, "ఆసుపత్రికే. గంగా, నా మాట విను. నేను చెప్పేదాకా ముక్కొద్దు" అంది. మళ్లీ ఏడు మలుపులు. దిగువకు మెత్తగా, కుదుపు లేకుండా, అయినా ఒక్క క్షణం వృథా చేయకుండా దించింది. ఆసుపత్రి వాకిట్లో వైద్యురాలు గంగను చూస్తూనే, "సమయానికి తెచ్చారు. ఇక మాకు వదిలేయండి" అని లోపలికి తీసుకుపోయింది. సోములు వెంట వెళ్లాడు.

కోనమ్మ ఆకాశం వైపు చూసింది. ఎండ నారింజ రంగులో ఉంది.

"అక్కా, ఇంజను ఆపకు. ఏం జరిగినా ఆపకు. నేరుగా పరీక్షశాలకు పోనివ్వు" అన్నాడు దస్తగిరి.

వాళ్లు చేరేసరికి వీధి ఖాళీగా ఉంది. ఆఖరి బండి పరీక్ష కూడా అయిపోయింది. ద్వారపాలకుడు ఒక తలుపు మూసి, రెండోది లాగుతున్నాడు.

"పొద్దుగుంకింది. ఇక కుదరదు" అన్నాడు.

ఆ మాటకు నరహరి బయటికొచ్చాడు. చెమటతో తడిసిన ముసలామెను చూశాడు. ఆమె చీరకు అంటిన నెత్తుటి మరకను చూశాడు. తర్వాత తల ఎత్తి తూర్పు కొండను చూశాడు. దాని కొన మీద చిటికెడు ఎండ ఇంకా మెరుస్తోంది.

"కొండ మీద పొద్దుంది. తలుపు తెరువు" అన్నాడు.

గొట్టం దూర్చారు. కోనమ్మ పెడల్ తొక్కింది. ముల్లు లేచింది. ఆమె కళ్లు మూసుకుంది. నరహరి వంగి చూశాడు. యంత్రాన్ని ఒకసారి తట్టి మళ్లీ చూశాడు. గొట్టం తీసి, దులిపి, మళ్లీ పెట్టి మూడోసారి చూశాడు.

"అమ్మా, కళ్లు తెరువు" అన్నాడు.

ముల్లు పచ్చగీత మీద, పెళ్లిపీట మీద కూర్చున్న పెళ్లికూతురిలా కదలకుండా కూర్చుని ఉంది.

ద్వారపాలకుడు తలుపు వదిలేసి చప్పట్లు కొట్టాడు. కోనమ్మకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

"నిన్న నెగ్గనిది ఇవాళ ఎలా నెగ్గింది, తమ్ముడూ?" అని అడిగింది.

"నిన్న నువ్వు దాన్ని పూటంతా ఆపి తోసుకుంటూ వచ్చావక్కా. ఇంజను చల్లారిపోయింది. చల్లారిన పొయ్యి పొగ చిమ్ముతుంది, బాగా రాజుకున్న పొయ్యి చిమ్మదు. ఇవాళ కొండెక్కి దిగేసరికి ఇంజను సరిగా కాగింది, లోపల మిగిలిన మసి కూడా కాలిపోయింది. మనం చేసిన పని అంతా ఉంది. దానికి కావలసిన వేడి గంగ కోసం చేసిన పరుగే ఇచ్చింది."

నరహరి తన చేతులతో అద్దం మీద పచ్చచీటీ అతికిస్తుండగానే, సోములు ఆసుపత్రి నుంచి పరుగున వచ్చాడు.

"అత్తా, ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం."

మరునాడు రాజభటులు పట్నం వంతెన మీద నిలబడి, పచ్చచీటీ ఉన్న బండ్లకు కూడా మళ్లీ పరీక్ష పెట్టారు. రత్నాకరం కారు దగ్గర ముల్లు ఎర్రగీత దాటి అవతలి అంచుకు తగిలింది. చీటీ గీకి చూస్తే రాజముద్ర రంగు వేలికి అంటింది. దళారి చెరసాలకు పోయాడు, మెరిసే కారు కొలిమికి పోయింది.

నెల తిరక్కముందే రత్నాకరం కూతురు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండి నొప్పులు మొదలయ్యాక, కాన్పుకు కోనమ్మే రావాలని పట్టుబట్టింది. ఒక మిట్టమధ్యాహ్నం రత్నాకరం కొండెక్కి, కోనమ్మ గుమ్మం ముందు తల వంచుకుని నిలబడ్డాడు. ఎలా అడగాలో అతనికి తెలియలేదు.

కోనమ్మ తాళం చేతిలోకి తీసుకుని, "ఎక్కు నాయనా, దారిలో చెబుదువుగాని" అంది.

కాబట్టి పిల్లలూ, దొంగచీటీ మసిని దాచగలదు గానీ కడగలేదు. నిజాయితీగా పాటుపడి, ఆపదలో ఉన్నవారి కోసం పరుగెత్తిన బండికే దారి తెరుచుకుంటుంది.