హైమకి ఏడుపొస్తే మాకూ వచ్చింది

ఒకరు చెప్పిన మాటని నేను వెంట్రుకవాసి దాటను. ఈ గొప్ప నేనై చెప్పుకోను. అడిగినవాళ్ళకి చెబుతాను, అడగనివాళ్ళకి గుర్తుచేస్తాను. మా ఆవిడ నాగరత్నం, బావమరిది కోటిలింగం కూడా నా అంత తెలివైనవాళ్ళే.

మా అమ్మాయి హైమ నాలుగో తరగతి. బడి వార్షికోత్సవంలో పద్యం చెప్పాలి. దానికి స్టేజీ అంటే చచ్చేంత భయం. పోయినేడు ఎక్కి, నోరు పెగలక దిగొచ్చేసింది. ఈసారీ అలాగే అయితే జన్మలో ఎక్కనంది.

టీచరుగారు మమ్మల్ని పిలిచి, "పాప ఏడిస్తే కసరకండి. భయపడితే ఎగతాళి చెయ్యకండి. పాపకి ఏమనిపిస్తే మీకూ అదే అనిపించాలి" అన్నారు.

"ఓస్, ఇంతేనా" అన్నాడు కోటిలింగం.

మర్నాడు హైమ రబ్బరు పారేసుకుని ఏడ్చింది. ఇంకేముంది, ముగ్గురం గొల్లుమన్నాం. పక్కింటి సుభద్రమ్మగారు ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకుని, మమ్మల్ని అడక్కుండానే మా చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. మధ్యాహ్నానికి పదకొండుమంది బస్సు దిగారు. వాళ్ళకోసం చేసిన ఉప్మా చూసి హైమ కోపంగా కంచం తోసేసింది. అంతే, మేమూ తోసేశాం. చుట్టాల కంచాలతో సహా.

వార్షికోత్సవం రోజు ముందు వరసలో కూర్చున్నాం. హైమ మైకు ముందు వణుకుతోంది. మేమూ వణికాం. కోటిలింగం ఏ పనైనా మనసుపెట్టి చేస్తాడు, బెంచీ కింద దూరాడు. కింద ఏదో కదిలేసరికి పామేమోనని ముఖ్య అతిథిగారు కుర్చీ ఎక్కారు. హైమ పకపకా నవ్వింది. ఆ నవ్వుతో భయం ఎటు పోయిందో, పద్యం గడగడా చెప్పేసింది.

దిగి పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. చూస్తే మూతి నవ్వుతోంది, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఇప్పుడేం చెయ్యాలి బావా?" అన్నాడు కోటిలింగం.

"మీ అక్క నవ్వుతుంది. నువ్వు ఏడువు."

"మరి నువ్వో?"

"నేను రెండూ చూసుకుంటాను."

మొదలెట్టాం. ముఖ్య అతిథిగారు అది హాస్యనాటిక అనుకుని మొదటి బహుమతి మాకిచ్చేశారు. హైమకి ఒళ్ళు మండింది. "పద్యం చెప్పింది నేనైతే కప్పు మీకా?" అంది.

ఇంకేముంది, మాకూ ఒళ్ళు మండింది. ఆ కప్పు పుచ్చుకున్నవాళ్ళ మీద అలిగాం. అంటే మా మీద మేమే. ముగ్గురం ఒకరికొకరు వీపులు తిప్పి కూర్చున్నాం. హైమ వచ్చి, "లేవండి, నాకు కోపం తగ్గింది" అనేదాకా కదల్లేదు.

సంతోషం పట్టలేనప్పుడు కళ్ళలో నీళ్ళెందుకు వస్తాయో మాత్రం నాకు ఇప్పటికీ తెలీదు.