చచ్చిన సేనాపతి తాంబూలం

కుమ్మరి కొట్టంలో, కుండలు కాల్చే ఆవం పక్కన వెచ్చని మూల ఒక్కటే ఉంది. అది ముసలి గాడిద నూకాలమ్మది. పన్నెండేళ్ళు మట్టి మోసి సంపాదించుకుంది. ముసురు పట్టిన ఓ రోజున, తోక తడిసి చీపురైపోయిన నెమలి సింగారయ్య లోపలికొచ్చి ఆ మూల మీద కన్నేశాడు.

"మబ్బు చూసి గంతులేసేవాడివి, చినుక్కే వణుకుతావేం నాయనా?" అంది నూకాలమ్మ.

"మబ్బుకి ఆడతాం, వానకి దాక్కుంటాం. కళాకారులం మరి! అత్తా, ఓ పందెం. రాజులనాటి హత్య కథ చెబుతాను. నువ్వు ఊ కొట్టాలి. మధ్యలో ఆపావో, మూల నాది. నా కథ తప్పిందో, మళ్ళీ ఈ గడప తొక్కను."

నిరుడు వీడు తన గొంతును పగిలిన బానతో పోల్చిన సంగతి నూకాలమ్మ మరిచిపోలేదు. "కానీ," అంది. కోళ్ళూ బాతులూ చుట్టూ చేరాయి.

"కోటలో సేనాపతి రణభీముణ్ణి ఎవరో పొడిచి చంపేశారు!"

"ఊ!" కోళ్ళకు ఈకలు నిక్కబొడుచుకున్నాయి.

"ఆ కత్తి పిడికి పదహారు కెంపులు. రాణిగారి చీర అంచుకు హంసలు, హంసల ముక్కులకు ముత్యాలు..."

"ఊ."

చీర దాటి పల్లకీ, పల్లకీ దాటి అంబారీ. పొద్దు వాలుతోంది, హంతకుడి జాడ లేదు. ఓ కోడి నిలబడే నిద్రపోయింది. నూకాలమ్మ ఊ కూడా సన్నబడింది. సింగారయ్య ఓరకంట మూలవైపు చూసుకున్నాడు.

'చంపిందెవరని అడిగితే ఎవడి పేరో చెప్పి గట్టెక్కుతాడు. మురిపిస్తేనే జారతాడు' అనుకుంది నూకాలమ్మ.

"ఊ! అందరి ముస్తాబూ చెప్పావు, పాపం సేనాపతి తలపాగా ఊసే ఎత్తలేదేం?"

సింగారయ్య తోక విప్పాడు. "బాగా అడిగావు! ఎర్రపట్టు తలపాగా, దానికి జరీ కుచ్చు! అది సర్దుకుంటూ సేనాపతి మేడ దిగి, మీసం దువ్వి, రాణిగారిచ్చిన తాంబూలం నోట్లో వేసుకుని..."

"ఊ. శవమేనా?"

సింగారయ్య విప్పిన తోక టక్కున ముడిచేశాడు.

"పొడిచినవాడి సంగతి దేవుడెరుగు, పోయినవాడు ఆకు నములుతున్నాడర్రోయ్!" అంటూ బాతు వెల్లకిలా పడి నవ్వింది.

"సున్నం ఘాటుకి లేచుంటాడే!" అంది కోడి.

"పోనీ, చంపిందెవరు నాయనా?" అంది నూకాలమ్మ.

"అంతదాకా... ఇంకా ఆలోచించలేదత్తా."

"పైన పటారం, లోన లొటారం! పద, గడప అటుంది."

సింగారయ్య తోక ఈడ్చుకుంటూ వానలోకి నడిచాడు.

విన్నవాళ్ళకు నీతి: కథకు ఎన్ని నగలు పెట్టినా, లోపల ప్రాణం లేకపోతే మోయడానికి నలుగురు కావాలి.