అటక మీద పుట్టిన నక్షత్రం

పెదమడకలో బుర్రా వారంటే తెలియనివాళ్లు లేరు. "అందరికీ బుర్ర మెడమీదే ఉంటుంది. మాకు ఇంటిపేరులో కూడా ఉంది" అని మీసం దువ్వుకునేవాడు పైడయ్య. ఆ ఇంట్లో మాటంటే మాటే. ఒకసారి పైడయ్య భార్య నూకాలమ్మ "తలుపు దగ్గరికేసి రారా" అంటే, కొడుకు తలుపు ఊడబీకి, మోసుకొచ్చి, ఆవిడ దగ్గరికే వేశాడు. "చెప్పింది చెప్పినట్టు చేశాడు నా బంగారం!" అని ఆవిడ వాడికి దిష్టి తీసింది.

ఆ బంగారం పేరు సన్యాసి. పేరు అలా ఉన్నా పెళ్లి కుదిరింది. పిల్ల గౌరి, పక్కూరి లక్ష్ముంనాయుడి కూతురు. ఇద్దరూ ఒకరికొకరు నచ్చారు. అయితే నాయుడు ఒక మాటన్నాడు: "కుర్రాడి నక్షత్రం పట్టుకుని శుక్రవారం రండి. నక్షత్రం లేనిదే పిల్లనివ్వం."

ఇంకేముంది! ఇంటికెళ్లి గాదె వెతికారు, చెంబులు బోర్లించారు. ఎక్కడా నక్షత్రం లేదు.

"పుట్టినప్పుడు ఉండే ఉంటుంది. పురిటి గుడ్డలతోపాటు నువ్వే పారేసుంటావు" అన్నాడు పైడయ్య.

"అల్లం ముక్క కూడా పారెయ్యని దాన్ని, నక్షత్రం పారేస్తానేటి!" అని నూకాలమ్మ శోకాలు పెట్టింది.

సన్యాసి అన్నం ముట్టలేదు. వాడి దిగులు చూడలేక పైడయ్య, తమ్ముడు గవరయ్యని వెంటబెట్టుకుని సైన్సు మేష్టారు జోగారావు దగ్గరికి పరిగెత్తాడు.

"బాబూ, నక్షత్రం ఎక్కడ దొరుకుద్ది?"

ఆ ప్రశ్న అడిగే మనిషి కోసం మేష్టారు ఏళ్లుగా ఎదురుచూస్తున్నారు. కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"దొరకదయ్యా, పుడుతుంది! చుక్కకీ చుక్కకీ మధ్య పెద్ద పెద్ద మబ్బులుంటాయి. వానమబ్బులు కావు. వాటినిండా గ్యాసు, కాస్త దుమ్ము. ఒంటరిగా తిరిగే హైడ్రోజన్ పరమాణువులు ఆ దుమ్ము మీద వాలి జంటలు కడతాయి. బయటి వెలుగు గట్టిగా తగిలితే ఆ జంటలు విడిపోతాయి. అందుకని దుమ్మే గొడుగులా అడ్డం నిలుస్తుంది. లోపల చిమ్మచీకటి, గడ్డకట్టే చలి. ఆ చల్లదనంలో మబ్బు తన బరువుకి తానే లోపలికి కుంగుతుంది. కుంగి కుంగి, నడుమ వేడెక్కి, నక్షత్రమై వెలుగుతుంది."

"శుక్రవారానికి అవుద్దా?"

మేష్టారు పకపకా నవ్వారు. "లక్షల ఏళ్లు పడుతుంది. తొందరగా ఉంటే ఇప్పుడే మొదలెట్టు!"

అంతే. ఇప్పుడే మొదలెట్టారు.

"ముందు గ్యాసు కావాలి" అన్నాడు పైడయ్య.

"నాకుంది కదా! డాక్టరు పొట్ట నొక్కి మరీ చెప్పాడు" అన్నాడు గవరయ్య గర్వంగా.

మబ్బంటే పైన ఉండాలి. కాబట్టి గవరయ్యని వెదురు అటక ఎక్కించారు. ఒంటరిగా ఉంటే కుదరదు, జంట కట్టాలి. కాబట్టి సన్యాసిని ఎక్కించి ఇద్దరి చేతులూ తాడుతో ముడేశారు. దుమ్ము కోసం నూకాలమ్మ పాత గోనెలన్నీ అటక మీద దులిపింది. చలి కోసం చేపల బజారు నుంచి ఐసు దిమ్మలు తెచ్చి చుట్టూ పేర్చారు. కిటికీలకి దుప్పట్లు కట్టారు. బరువు చాలదేమోనని చోళ్ల బస్తాలు కూడా ఎక్కించారు.

"బాబాయ్, చలేస్తుంది!" అన్నాడు సన్యాసి తుమ్ముతూ.

"వెయ్యాలి నాయనా. వెయ్యకపోతే నీకు పెళ్లవదు" అన్నాడు గవరయ్య, పళ్లు టకటకలాడిస్తూ.

అటక కిర్రుమంది.

"కుంగుతుంది! తన బరువుకి తానే కుంగుతుంది!" అని నూకాలమ్మ చప్పట్లు కొట్టింది.

ఇంకేముంది! అటక ఢామ్మని కూలింది. బస్తాలు, ఐసు, సన్యాసి, అందరికీ కింద గవరయ్య! అదృష్టం బాగుండి ఎముకలు మిగిలాయి. గవరయ్య నెత్తి పట్టుకుని గావుకేక పెట్టాడు.

"అన్నా, చుక్కలు! చుక్కలు కనిపిస్తున్నాయి!"

"పుట్టాయే! ఎక్కడరా?"

"నా కళ్లలోనే!"

జారిపోకుండా వెంటనే గవరయ్య కళ్లకి తువ్వాలు బిగించి కట్టారు. బండి మీద పడుకోబెట్టి శుక్రవారం దాకా కూడా ఆగకుండా నాయుడింటికి తోలారు.

"తెచ్చాం బావగారూ! ఒకటి కాదు, గుప్పెడు!" అని పైడయ్య తువ్వాలు విప్పాడు. గవరయ్య కళ్లు చికిలించాడు. చుక్క లేదు, ఏమీ లేదు. సన్యాసి బిక్కమొహం వేశాడు.

జరిగింది విని గౌరి కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. తర్వాత వాడి జుట్టులో దుమ్ము, నుదుటి మీద బొప్పి చూసి నవ్వు ఆపింది. "నాన్నా, నా కోసం అటక కూల్చుకున్నాడు. ఇంకెవడొస్తాడు ఇలాంటివాడు?"

నాయుడు తల పట్టుకుని, నూకాలమ్మ వైపు తిరిగి "అమ్మా, వీడు ఎప్పుడు పుట్టాడో తెలుసా?" అన్నాడు. నూకాలమ్మ ఏడాది, తిథి, వేళ గడగడా చెప్పేసింది. "ఇది మమ్మల్నెవరు అడిగారు?" అంది పైగా.

నాయుడు కండువా వేసుకున్నాడు. "పంతులుగారిని అడిగొస్తాను. అందాకా ఈ ఇల్లు మీ ఇల్లే అనుకోండి."

కాసేపటికి సంతోషంగా తిరిగొచ్చాడు. తలుపు గడియ పెట్టుంది. దబదబా బాదాడు.

"ధనిష్ఠ నక్షత్రం! జాతకాలు కలిశాయి! తలుపు తియ్యండి!"

పైడయ్య కిటికీలోంచి తొంగిచూశాడు. "చాలా సంతోషం. ఎవరు కావాలండీ?"

"నేనయ్యా, లక్ష్ముంనాయుణ్ణి!"

"నాయుడుగారా? ఇదిప్పుడు మా ఇల్లండీ. మీ ఇల్లెక్కడో మాకు తెలీదు. మా ఆడవాళ్లు వంటలో ఉన్నారు. పెళ్లిమాటలైతే కబురంపి రండి" అని కిటికీ మూసేశాడు.