తెరుచుకోని కిటికీ

ఓస్విన్‌కి ధ్యానం కుదరడం లేదు. కళ్లు మూసుకుంటే చాలు, ఆ కిటికీయే కనిపిస్తోంది.

ఇంగ్లండులో ఒక కొండ మీద గుడిసె వేసుకున్న ఎడ్రిక్ అనే ముసలి సాధువు దగ్గర శిష్యుడతను. కింద లోయలో ఓ జమీందారుగారి పాతకాలపు భవంతి ఉంది. తేనెరంగు రాయి, ఏటవాలు కప్పులు, ఆకాశంలోకి లేచిన పొగగొట్టాలు, పై అంతస్తులో వరసగా ఐదు కిటికీలు. పొద్దున్నే పనివాళ్లు నాలుగు తెరుస్తారు. నడిమిది మాత్రం ఏనాడూ తెరవరు. అయినా పొద్దు వాలేవేళ అన్నిటికంటే అదే ఎక్కువ బంగారంలా వెలుగుతుంది.

ఆ గదిలో ఎవరో ఉన్నారు. లోకానికి మొహం చాటేసి, ఒంటరిగా కూర్చుని, ఎవరికోసమో ఎదురుచూస్తున్నారు. ఆ ఎదురుచూపు తనకోసమే అయితే? ఓస్విన్‌కి రొట్టె కూడా సయించడం మానేసింది.

"గురువుగారూ, నన్ను పంపించెయ్యండి," అన్నాడు ఓరోజు. "ఆ ఇంట్లో పనికి కుదురుకుంటాను. అంట్లు తోమైనా సరే. ఆ కిటికీ గదిలో ఒక్కసారి అడుగు పెడితే చాలు నాకు."

ఎడ్రిక్ కోప్పడలేదు. తేనె జాడీ చంకన పెట్టుకుని, "పద, దిగబెట్టి వస్తాను," అన్నాడు.

వంటింటి గుమ్మంలో, ఆ ఇంటి పనులన్నీ చూసుకునే మార్జరీ ఎదురైంది. "ఏమయ్యా సాధువూ, ఈసారి తేనెతో పాటు తేనెటీగని కూడా తెచ్చావే!"

"పనికోసం వచ్చాడమ్మా. ముందు పైన నడిమి కిటికీ చూస్తాడట."

మార్జరీ ముసలాయన వంక అదోలా చూసింది. "వీడూనా?" అని నవ్వింది.

మెట్లెక్కారు. పైన నడవాలో ఇటు రెండు గదులు, అటు రెండు గదులు. నడుమ తలుపన్నదే లేని గోడ.

"ఇదేనయ్యా నీ కిటికీ," అంది మార్జరీ. "ఈ గోడలోంచి వంటింటి పొగగొట్టం పోతుంది. ఇంక గదెక్కడిది? బయటినుంచి చూస్తే వరస బోసిగా ఉంటుందని, కట్టించినాయన రాతిగోడకే చట్రం బిగించి అద్దాలు పెట్టించాడు."

ఓస్విన్ గోడ మీద అరచెయ్యి ఆనించాడు. మనిషి ఒంటిలా వెచ్చగా ఉంది. చాలాసేపు చెయ్యి తియ్యలేకపోయాడు.

"మరి రేపట్నించి వస్తావా? అంట్లు గుట్టలా పడున్నాయి."

తల అడ్డంగా ఊపాడు.

కొండెక్కాక, గుడిసె ముందున్న రాతిబల్ల మీద లోయకి వీపు పెట్టి కూర్చున్నాడు. పొద్దు వాలుతోంది. ఎడ్రిక్ వచ్చి, అదే బల్ల మీద లోయకేసి కూర్చున్నాడు. శిష్యుడి భుజం పట్టి మెల్లిగా లోయవైపు తిప్పాడు.

"అక్కడ ఎవరూ లేరుగా, గురువుగారూ."

"లేరు," అన్నాడు ఎడ్రిక్, కిందికే చూస్తూ. "అది తెలిసిన సాయంత్రం కూడా నేనిక్కడే కూర్చున్నానురా. కాస్త జరుగు. వెలిగే వేళయింది."